మాదిరి లేని దస్తావేజు

దస్తావేజులు రాసే పనిలోకి దిగాలనుకునే కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒకటే. "తాతా, ఇందులో పైకి రావాలంటే ఏం చేయాలి?" అని. పైకి రావడానికి ఇందులో మెట్లే లేవు నాయనా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట అరుగు మీద చేరాను, అదే అరుగు మీద ముసలివాణ్నయ్యాను. మధ్యలో నేను చూసిన అభివృద్ధి అంతా కింద చాప చిరిగి కొత్త చాప రావడమే. అందుకని ఆ కబుర్లు వదిలేస్తున్నాను. స్టాంపు కాగితం ఎక్కడ కొనాలో, పక్కన ఎంత ఖాళీ వదలాలో ఆఫీసు బంట్రోతు కూడా చెబుతాడు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ పనిలో రాయడం తేలిక. వచ్చినవాడి నోటి నుంచి తనకేం కావాలో చెప్పించడం, చెప్పిన మాట మీద వాణ్ని సాయంత్రం దాకా నిలబెట్టడం, అక్కడే మన ప్రాణాలు తోడుకుపోతాయి. ఓపిక ఉన్నవాళ్లు రండి. లేనివాళ్లు పోలీసు ఉద్యోగం చూసుకోండి, అక్కడ కొట్టే వీలుంటుంది.

నేను పనిచేసింది కర్నూలు జిల్లా పడమటి పక్క. పొద్దున ఎద్దుల బండి కడితే పత్తికొండకు పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరం. ఊరి పేరు చెప్పను. ఆ మనుషుల మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు, నాకూ మనుమలున్నారు. మాది మగ్గం నేసే ఇల్లు. అయిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పొత్తు కుదరక బడి మానేశాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నోరు ఊరికే ఉండేది కాదు. నేను మాట్లాడితే చుట్టుపక్కల మగ్గాలవాళ్లు నవ్వేవారు, వాళ్లు నవ్వితే పోగులు తెగేవి. మా నాయన విసిగిపోయి, "నీ నోటికి తగిన పని యాడన్నా వెతుక్కో పో" అన్నాడు. చేతిరాత ఒక్కటి బాగుండేది. అట్లా అరుగెక్కాను.

పంతులు గారి రేకు పెట్టె

అరుగు మీద నాకు గురువు, యజమాని, నా విసుగుకు మూలపురుషుడు సుబ్బారాయుడు పంతులు. ఆయనకు ఒకే సిద్ధాంతం: మాదిరి లేకుండా ఒక్క అక్షరం రాయకూడదు. ఆయన పక్కన ఒక రేకు పెట్టె ఉండేది. అందులో వాళ్ల తాత రాసిన అమ్మకాలు, తనఖాలు, పంపకాల నకళ్లు. ఎవరు ఏ పని మీద వచ్చినా పెట్టె తెరిచేవాడు, దగ్గరదగ్గరగా కనబడింది తీసేవాడు, పేర్లు మార్చి దించేవాడు. ఆలోచించడం ఆయన దృష్టిలో పొగరు.

ఒకసారి బద్వేలు నుంచి వచ్చి స్థిరపడిన బట్టల వ్యాపారి తన తమ్ముడి బిడ్డను దత్తత తీసుకున్నాడు. పెట్టెలో దత్తత మాదిరి లేదు. మెట్ట పొలం అమ్మకం మాదిరి ఉంది. పంతులు దాన్నే దించి నన్ను చదవమన్నాడు. తమ్ముడి భార్య బిడ్డను చంకనేసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. నేను చదివాను.

"సదరు బాలుని నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా నేటి దినమున మీకు స్వాధీనపరచినాము గనుక, మీరు పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వ హక్కులతో అనుభవించవలెను."

చదివి ఆగాను. "పంతులు గారూ, నీళ్లు, చెట్లు, రాళ్లతో సహా ఇచ్చేస్తాండారు పిల్లోణ్ని. నీళ్లు యాడుండాయో వాళ్లమ్మ కొంగు చూస్తే తెలుస్తాంది. రాళ్లు యాడుండాయి?"

"నోరు ముయ్యరా. అది మా తాత రాసిన వాక్యం. అందులో ఒక్క అక్షరం తీసినా దస్తావేజు చెల్లదు."

"చెల్లుతాదిలే సామీ. చెల్లితే ఈయప్ప రేపు సంతలో ఆ బిడ్డను అమ్ముకోవచ్చు. విక్రయ హక్కులిచ్చినాం గదా!"

నేను తమాషాకు అన్నాను. ఆ తల్లి తమాషాగా వినలేదు. "అమ్ముతారా?" అని లేచి, బిడ్డను ఎత్తుకుని బజారు దాకా పరుగెత్తింది. ఆమెను నచ్చజెప్పి వెనక్కి తీసుకురావడానికి సగం పూట పట్టింది. పంతులు మాత్రం ఆ వాక్యం తీయలేదు. చివరికి రాళ్లు తీసేయడానికి ఒప్పుకున్నాడు, చెట్లు ఉంచాడు.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఇది, మీరూ పెట్టుకోండి. దస్తావేజును సంతకం పెట్టేవాడికి చదివి వినిపిస్తే చాలదు. రేపటి నుంచి దాని కింద బతకబోయే మనిషి ఎవరో చూసి, వాళ్లకు వినబడేటట్లు చదవండి. వాళ్ల ముఖంలో తప్పులు కనబడతాయి.

ఇంట్లో ఉన్న మనిషిని విడిపించడం

కర్నూలు రాజధాని అయిన రోజులవి. మా సబ్ రిజిస్ట్రారు కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. రాజధానికి బదిలీ ఎప్పుడొస్తుందా అని ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ ఉండేవాడు. అట్లాంటి ఒక సంత రోజు ఒకామె వేరుశనగ బుడ్డలు అమ్ముకుని, ఖాళీ గంప అరుగు మీద పెట్టింది. పేరు సుంకులమ్మ. రెడ్ల ఇంటి బిడ్డ.

"రైటరప్పా, ఒక మనిషిని విడిపించల్ల. ఎట్ల రాయల్ల?"

"జైల్లో ఉండాడామ్మా?"

"మా ఇంట్లోనే ఉండాడు. నా మొగుడు."

నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాను. సంగతి ఇది. ఆమె తండ్రి ఓబుల్ రెడ్డికి కొడుకులు లేరు. ఒక కరువు ఏడు, దూరపు చుట్టం ఒకడు తన చిన్న కొడుకు మద్దిలేటిని ఓబుల్ రెడ్డి ఇంట్లో వదిలి జొన్నలు తీసుకుపోయాడు. జొన్నలు తిరిగిచ్చేదాకా పిల్లవాడు ఆ ఇంట జీతగాడుగా చాకిరీ చేయాలని కాగితం రాసుకున్నారు. జొన్నలూ రాలేదు, తండ్రీ రాలేదు. పిల్లవాడు పెరిగి గట్టి సేద్యగాడయ్యాడు. వాడి పని చూసి ఓబుల్ రెడ్డి కూతురినిచ్చి ఇల్లటం తెచ్చుకున్నాడు. మగబిడ్డ లేని రెడ్లు మా వైపు చేసే పనే అది. అల్లుణ్ని ఇంట్లోకే తెచ్చుకుంటారు, అతడు ఆ ఇంటి పొలం చేస్తాడు, కొడుకు స్థానం పొందుతాడు. పెళ్లికి ఊరంతా వచ్చి తిని పోయింది. జీతం కాగితం మాత్రం ముసలాయన చించలేదు.

"పెండ్లయినా కొట్టంలోనే పండుకుంటాడప్పా, ఎద్దుల కాడ. మా నాయన కూతేస్తే పలకల్ల. మా చిన్నాయన కొడుకులు ఇదంతా చూస్తాండారు. 'వాడు అల్లుడు గాదు, జీతగాడు, కాగితముండాది' అని ఊరంతా చెప్తాండారు. మా నాయనకు ఆయాసం. కన్ను మూస్తే మరుసటి రోజే మమ్మల్ని తరుముతారు."

ఆ కాగితం కోర్టులో ఒక్క నిమిషం నిలబడదని నాకు తెలుసు. పసిపిల్లవాడి చాకిరీని కుదువ పెట్టుకున్న కాగితానికి విలువేముంది? కానీ కోర్టు ఆదోనికో కర్నూలుకో పోతే గానీ కనబడదు. కాగితం ఊళ్లో ఉంది. ఊళ్లో అది నిలబడడమే కాదు, నడుస్తుంది కూడా. ఈ తేడా తెలియని ప్లీడర్లను చాలామందిని చూశాను.

"మీ నాయనను పిల్చుకొనిరా" అన్నాను. అదే నేను కొని తెచ్చుకున్న తలనొప్పి.

ఓబుల్ రెడ్డి

బండిలో వచ్చాడు. బండి తోలింది మద్దిలేటే. మామను దించి, అరుగు మీద కూర్చోబెట్టి, తాను తిరిగి పోయి ఎండలో ఎద్దుల దగ్గర నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, భుజాలు గట్టివి, మాట తక్కువ.

"రాసుకో రైటరు. నా తర్వాత పొలం వానిదే, ఇల్లు వానిదే. నాకు తల కొరివి పెట్టేదీ వాడే" అన్నాడు ఓబుల్ రెడ్డి.

ఇంత సులువా అని సంబరపడ్డాను. "మంచి మాట రెడ్డీ. ఆ జీతం కాగితం ఇట్లియ్యి. అది రద్దని గూడా రాద్దాం."

"అది ఏమిటికి?"

"కొడుకును చేసుకుంటాండావు గదా?"

"కొడుకే. కాదన్నానా? కొడుకు కొడుకే, కాగితం కాగితమే. అది చించితే రేపు పొద్దున వాడు లేసి సేద్యానికి పోతాడా?"

"సొంత కొడుకుంటే వాని దగ్గర గూడా కాగితం రాయించుకుంటావా?"

"సొంత కొడుకైతే యాడికి పోతాడు?"

"శానా దూరం పోతారు రెడ్డీ. సొంత కొడుకులు పోయినంత దూరం జీతగాండ్లు పోరు, వాళ్లకు బండి చార్జీలకు దుడ్లుండవు."

అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. భూమి ఇస్తాడు, బిడ్డనిచ్చాడు, కొరివి ఇస్తాడు, కాగితం ఇవ్వడు. ఇట్లాంటి మనుషులతో వాదించి వాదించి నాకు తల నెరిసింది. వాళ్లు పిసినారులు కారు. తండ్రి కావాలనీ ఉంటుంది, యజమానిగా ఉండాలనీ ఉంటుంది. రెంటికీ సరిపడే దస్తావేజు కోసం వచ్చి మన ప్రాణం తీస్తారు.

బయట మద్దిలేటిని పిలిచాను. "ఇట్ల నీడకు రాప్పా, ఈడ నీ సంగతే మాట్లాడుతాండాం."

"ఎద్దులుండాయన్నా."

"ఎద్దులేమన్నా దస్తావేజు రాయించుకుంటాయా?"

"మామ పిలవలేదు గదా" అన్నాడు. ఆ ముసలాయన మీద వచ్చినంత కోపం ఇతని మీదా వచ్చింది. తాళం తీయమని నేను గొంతు చించుకుంటుంటే, లోపలివాడు తాళం బాగుందా అని చూస్తున్నట్టుంది.

ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క పంతులు. "ఇది అమ్మకం కాదు, తనఖా కాదు, పంపకం కాదు. మనిషిని విడుదల చేయడం, కొడుకును చేసుకోవడం, రెండూ ఒకే కాగితంలోనా? దీనికి మాదిరి లేదు. మాదిరి లేనిది నా అరుగు మీద రాయకూడదు" అని పెట్టె మూసేశాడు.

అయ్యగారు తెచ్చిన మాదిరి

ఆ సమయంలోనే దేవదానం అయ్యగారు వచ్చారు. చర్చి పక్కనున్న స్థలానికి గుత్త పత్రం రాయించుకోవడానికి. ఆయన బెంగళూరులో చదివి వచ్చిన పాస్టరు. పాత భాషలు నేర్చారు, హెబ్రీ ఒకటి, అరామిక్ ఒకటి. యేసు ప్రభువు ఇంట్లో మాట్లాడిన భాష ఆ రెండోది అని చెప్పేవారు. మా గొడవంతా విని తల ఊపి, "మాదిరి కావాలా? నా దగ్గరుండాది" అన్నారు. మరునాడు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. ఈమధ్యనే అచ్చయిందట. బెంగళూరు స్నేహితుణ్ని బతిమాలి తెప్పించుకున్నారట.

ఐగుప్తు దేశంలో, నైలు నది మధ్య ఒక లంక. పర్షియా రాజుల కాలంలో అక్కడ యూదు సిపాయిల కాపురాలు ఉండేవట. వాళ్లు రాయించుకున్న దస్తావేజులు ఇసుకలో పడి, చెక్కు చెదరకుండా దొరికాయట. ఇండ్ల అమ్మకాలు, పెండ్లి ఒప్పందాలు, బానిసల విడుదలలు, దత్తతలు. అన్నీ అరామిక్‌లో.

"ఒకాయన తన బానిసను, ఆమె కూతుర్నీ విడుదల చేసినాడప్పా. ఎట్ల రాయించినాడో విను. నిన్ను నీడ నుంచి ఎండకు విడిచినాను అని" అన్నారు అయ్యగారు.

"ఎండకా? అయ్యగారూ, ఆ రాసినోడు మన సీమకు రాలేదు. ఈడ ఎవర్నన్నా ఎండకు విడిస్తే కేసు పెడతారు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకునేదాకా నవ్వారు. "ఇంకా విను. విడుదల చేసినాడు గానీ, ఆయన బతికినంత కాలం వాళ్లు ఆయనకు సేవ చేయల్ల, కొడుకు తండ్రిని చూసుకున్నట్టు. ఆయన పోయినాక ఆయన కొడుకుకు చేయల్ల. అదీ అందులోనే రాయించినాడు."

"మన ఓబుల్ రెడ్డి ఆడ గూడా ఉండాడన్న మాట!"

"ఉండాడు. అయితే ఇంకొకాయన గూడా ఉండాడు." అయ్యగారు పేజీ తిప్పి, వేలు పెట్టి, మెల్లగా తెలుగులో చెప్పారు. బానిస పిల్లవాణ్ని తీసుకున్న ఒక మనిషి ప్రమాణం అది. ఇతడు నా కొడుకు అవుతాడు. నేను గానీ, నా కొడుకు గానీ, కూతురు గానీ, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, నా మనుషులెవరు గానీ ఇతణ్ని బానిసను చేయడానికి, ఇతని మీద వాత పెట్టి గుర్తు వేయడానికి హక్కు లేదు. ఎవరైనా చేస్తే దండుగ కట్టాలి. ఇతడు నా కొడుకు అవుతాడు.

ఆ రాసినవాడెవడో మంచి పనిమంతుడు. రేపు ఎవరెవరు వచ్చి కాలు అడ్డం పెడతారో ఒక్కొక్కరినీ తలుచుకుని కట్టేశాడు. అన్నిటికంటే ముందు, రాయించేవాణ్నే కట్టేశాడు. మొదటి పేరు 'నేను'.

పంతులు దూరం నుంచి అంతా విన్నాడు. "ఎన్నాళ్లదది?"

"రెండున్నర వేల ఏండ్లది పంతులు గారూ."

"మా తాత కంటే పాతదా?"

"శానా పాతది."

పంతులు కాసేపు ఆలోచించాడు. "అయితే రాయి" అన్నాడు.

'నేను గానీ'

రాశాను. ఎండ మాట తీసేశాను, మద్దిలేటికి ఎండ కొత్త కాదు. తక్కినదంతా పెట్టాను. సదరు మద్దిలేటి రెడ్డి నాకు ఇల్లటపు అల్లుడు, కొడుకుతో సమానుడు. నేను గానీ, నా తమ్ముడి కొడుకులు గానీ, మా వాళ్లెవరు గానీ అతణ్ని జీతగాడని పిలవడానికీ, జీతగాడిగా పని చేయించడానికీ హక్కు లేదు. పాత కాగితం ఈ దినమే రద్దు. నా తర్వాత భూమీ ఇల్లూ అతనికీ నా కూతురికీ.

ఓబుల్ రెడ్డిని, సుంకులమ్మను మళ్లీ పిలిపించి, కూర్చోబెట్టి చదివాను. బయట మద్దిలేటికి వినబడాలని గొంతు పెంచి చదివాను. 'నేను గానీ' దగ్గర ముసలాయన చెయ్యెత్తాడు.

"నేను గూడానా?"

"నువ్వే ముందు రెడ్డీ."

"దాయాదుల్ని రాయి, చాలు."

"దాయాదులు ఆ మాట ఎవర్ని చూసి నేర్చుకున్నారు?"

"నేనేమన్నా వాతలు పెట్టినానా? సంగటి పెట్టినా! బిడ్డనిచ్చినా!" అని అరిచాడు. అరుపుతో ఆయాసం వచ్చింది. ఊపిరి అందక అరుగు మీద ముందుకు వంగిపోయాడు.

మద్దిలేటి ఒక్క అంగలో అరుగెక్కాడు. బండిలోని నీళ్లు తాగించాడు, వెనక కూర్చుని వీపు పట్టుకున్నాడు. ముసలాయన ఊపిరి కుదుటపడింది. కుదుటపడగానే నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎద్దుల కాడ ఎవరుండారురా?"

మద్దిలేటి లేవబోయాడు. సుంకులమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"ఎద్దుల కాడ ఎవరూ లేరు నాయనా. నీ కాడ ఉండాడు. యాడుండల్నో ఇప్పుడు చెప్పు. ఎద్దుల కాడికే పొమ్మంటే పోతాడు. వానితో పాటు నేనూ పోతా, మళ్లా నీ ఇంట్లోకి రాను."

పంతులు విసనకర్ర ఆపాడు. ఓబుల్ రెడ్డి కూతురి ముఖం చూశాడు, వీపు మీద ఉన్న చెయ్యి చూశాడు. తలపాగా విప్పాడు. ఆ మడతల్లోంచి చిన్న పొట్లం తీసి నా ముందు పెట్టాడు. ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకుని తిరిగాడన్న మాట!

విప్పి చూశాను. కర్నూలు ఎండలో ఇన్నేళ్ల చెమట తాగిన కాగితం. సిరా అంతా కరిగి ఒక నీలం మరక. ఒక్క అక్షరం లేదు. దీని కోసమా నేను ఇన్ని వారాలు గొంతు చించుకున్నది? దీనికా ఆ దాయాదులు జెండా ఎగరేసింది?

"ఏముండాది అందులో?" అన్నాడు ముసలాయన. ఆయనకు చదువు రాదు.

"ఏమీ లేదు రెడ్డీ."

"అక్షరాలు లేని కాగితాన్ని రద్దు చేయడానికి మాదిరి లేదు" అన్నాడు పంతులు. ఆయన్ను కొట్టకుండా నన్ను నేను ఎట్లా ఆపుకున్నానో నాకే తెలియదు.

ఓబుల్ రెడ్డి ఆ కాగితాన్ని తీసి మద్దిలేటి చేతిలో పెట్టాడు. మద్దిలేటి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తొందరపడకుండా చించాడు. చించి, ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. సుంకులమ్మ తన గంప చాపింది.

లోపల సబ్ రిజిస్ట్రారు అడిగాడు. "ఈయన మీకు ఏమవుతారండీ?"

"అల్లుడు" అన్నాడు ఓబుల్ రెడ్డి. పక్కనున్న మద్దిలేటిని చూసి, "కొడుకు. ఆయప్ప రాసినాడు గదా, సదువుకో సామీ" అని వేలిముద్ర వేశాడు.

మరునాడు

ఆఫీసు తలుపు తీయకముందే ఓబుల్ రెడ్డి బండి వచ్చి ఆగింది. తానే తోలుకొచ్చాడు. కుడి పక్క ఎద్దును ఎడమకూ, ఎడమ ఎద్దును కుడికీ కట్టాడు. అవి రెండూ ముఖాలు తిప్పుకుని నిలబడ్డాయి.

"చూసినావా నీ రాత! పొద్దెక్కింది, వాడు ఇంగా లేయలేదు."

"ఒంట్లో బాగలేదా?"

"శానా బాగుండాడు. గుర్రు పెడతాండాడు. నడింట్లో, మంచం మీద!"

"లేపకపోతివా?"

"నా బిడ్డ లేపనీలేదు. గమ్మునుండు నాయనా, పండుకోనీ అనె."

"కొడుకులు అట్లనే పండుకుంటారు రెడ్డీ. ఇంట్లో కొడుకు లేక నీకు తెలీదు."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఎద్దుల వైపు చూశాడు.

"ఎద్దులకు మేత ఎవరేసినారు?" అని అడిగాను.

"నేనే. ఇంగెవరేస్తారు?" తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "రేపు గూడా ఇట్లనే పండుకుంటాడా?"

"ఆ మాట ఆయప్పనడుగు."

"పొద్దున్నే లేయల్లని యాడన్నా రాసినావేమో, ఒకసారి చూడు."

నకలు తీశాను. విసుగు అణుచుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఆయన చెవి ఒగ్గి విన్నాడు.

"లేదు రెడ్డీ."

"లేదా" అని లేచాడు. తలపాగా చుట్టుకుని బండెక్కాడు.

"అప్పుడే పోతాండావా? కాసేపు కూర్చో, ఊపిరి తీసుకో."

"పోవల్ల. లేసి ఎద్దులు కనబడకుంటే వాడు గాబరా పడతాడు."